ఉప్పునీటి ఫ్లై రీలు: డ్రాగ్ ఎంత బిగుతో కాదు, ఎంత సమంగా వదులుతుందో చూడాలి

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలిసే చోట తెప్ప మీద చేతిగాలం వేసే మత్స్యకారుడికి రీలుతో పనిలేదు. పెద్ద చేప తగిలితే దారం అతని వేళ్ల మధ్య నుంచే జారుతుంది. చేప ఉరికితే వదులుతాడు, ఆగితే బిగిస్తాడు, తల తిప్పితే లాగుతాడు. ఎంత వదలాలో, ఎప్పుడు పట్టాలో చేతికే తెలుసు. రీలులో డ్రాగ్ అనే భాగం చేసేది సరిగ్గా ఆ వేళ్ల పనే. తెగేంత గట్టిగా పట్టకూడదు, చేప ఊపిరి పీల్చుకునేంత వదులుగానూ ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కుదుపు లేకుండా వదలాలి.

ఫ్లై ఫిషింగ్‌లో ఎరకు బరువుండదు. కొక్కేనికి ఈకలు, వెంట్రుకలు, మెరుపు దారాలు కట్టి చిన్న చేపలాగో రొయ్యలాగో కనిపించేలా చేస్తారు. విసరడానికి కావలసిన బరువంతా లైనులోనే ఉంటుంది. 8వ నంబరు లైను తీసుకుంటే మొదటి 30 అడుగుల బరువు 210 గ్రెయిన్లు, అంటే 13.6 గ్రాములు. ఈ విసురులో రీలు పాత్ర ఏమీ లేదు. అందుకే చల్లటి దేశాల వాగుల్లో చిన్న ట్రౌట్ చేపలు పట్టేవాళ్లకు రీలంటే దారం చుట్టి పెట్టుకునే సాధనమే. శ్రీకాకుళం, విజయనగరం తీరాల లెక్క వేరు. నాగావళి, వంశధార, చంపావతి మొగల్లో పండుగప్ప, పార, మాగ తిరుగుతాయి. రెండు కిలోల పార కూడా తగిలిన క్షణంలోనే చేతిలో ఉన్న లైనంతా లాక్కుపోయి అడుగునున్న బ్యాకింగ్ దారంలోకి వెళ్లగలదు. అక్కడి నుంచి గెలుపోటములు రీలు చేతిలో ఉంటాయి.

కొనేవాళ్లు ఎక్కువగా మోసపోయేది డబ్బా మీద రాసిన గరిష్ఠ డ్రాగ్ అంకె దగ్గర. 8 కిలోలు, 10 కిలోలు అని రాసి ఉంటే అదే గొప్ప అనుకుంటారు. ఫ్లై గాలంలో లైను చివర, ఎరకు ముందు, టిప్పెట్ అనే సన్నటి దారం ఉంటుంది. అంతర్జాతీయ రికార్డులు నమోదు చేసే ఐజీఎఫ్ఏ ఫ్లై విభాగంలో అనుమతించే అతి బలమైన టిప్పెట్ తరగతే 10 కిలోలది. మన మొగల్లో వాడేది సాధారణంగా 7 కిలోలది, అంటే 16 పౌండ్లది. ముడి పడ్డ చోట ఆ బలం ఇంకా తగ్గుతుంది. డ్రాగ్‌ను టిప్పెట్ బలంలో నాలుగో వంతు దగ్గర, మహా అయితే మూడో వంతు దగ్గర పెడతారు. 7 కిలోల టిప్పెట్‌కు అది 1.75 నుంచి 2.3 కిలోలు. ఆ పైన ఉన్న శక్తి మూలన పడి ఉండే సరుకే.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేసి చూడవచ్చు. రెండు లీటర్ల సీసాను నీళ్లతో నింపి టిప్పెట్‌కు కట్టి, కడ్డీని మరీ నిటారుగా ఎత్తకుండా, 8వ నంబరు కడ్డీతో నేల మీంచి లేపే ప్రయత్నం చేయాలి. కడ్డీ విల్లులా వంగిపోతుంది, ముంజేయి వణుకుతుంది, సీసా మాత్రం తేలిగ్గా లేవదు. రెండు కిలోల లాగుడంటే చేతికి ఎంత బరువో అప్పుడు అర్థమవుతుంది. కాబట్టి రీలును చూడాల్సింది 10 కిలోల దగ్గర కాదు. అర కిలో నుంచి మూడు కిలోల మధ్య అది ఎలా నడుస్తుందన్నది చూడాలి.

తొలి కుదుపే తెంపేది

నేల మీద ఉన్న బీరువాను నెట్టినప్పుడు మొదట కదిలించడానికి ఎక్కువ బలం కావాలి. కదిలాక తక్కువ చాలు. డ్రాగ్ లోపల ఒకదానికొకటి నొక్కుకునే పలకల మధ్య కూడా అంతే. ఆగి ఉన్న స్పూలును, అంటే దారం చుట్టి ఉండే చక్రాన్ని, కదిలించడానికి పట్టే బలం, అది తిరుగుతున్నప్పుడు పట్టే బలం కంటే ఎక్కువ ఉంటుంది. మంచి రీలులో ఈ తేడా చేతికి తెలియదు. నాసిరకం రీలులో 1.5 కిలోలకు పెట్టిన డ్రాగ్ కదలడానికి 2.5 కిలోలు అడుగుతుంది. చేప ఒక్కసారి కాదు, పదిసార్లు ఆగి పదిసార్లు ఉరుకుతుంది. ఉరికిన ప్రతిసారీ ఆ కుదుపు టిప్పెట్ ముడి మీద పడుతుంది. చేప బాగా అలిసి, ఒడ్డుకు నాలుగు గజాల దూరంలో చివరిసారి తల తిప్పినప్పుడు తెగిపోయే సందర్భాల్లో చాలా వాటికి కారణం ఇదే. అప్పుడు బయట ఉన్న లైను తక్కువ, కుదుపును మింగడానికి సాగే దారమూ తక్కువ.

దీన్ని కొలవడానికి లగేజీ తూచే డిజిటల్ కాటా చాలు. కడ్డీకి రీలు బిగించి, లైనును కడ్డీ వలయాలన్నిటి గుండా తీసి, చివర కాటా కొక్కేనికి కట్టాలి. ఒకరు కడ్డీని నేలకు 45 డిగ్రీల వాలులో పట్టుకుంటే ఇంకొకరు కాటాను నిదానంగా లాగాలి. స్పూలు కదిలిన క్షణంలో ఎంత చూపించిందో, ఆ తర్వాత నిలకడగా ఎంత చూపిస్తోందో రాసుకోవాలి. నిలకడ 1.5 ఉంటే మొదటిది 1.8 లోపు ఉండాలి. అంటే తేడా ఐదో వంతు దాటకూడదు. లాగి ఆపి, అర నిమిషం ఆగి మళ్లీ లాగాలి, ఇలా పదిసార్లు. పదోసారి అంకె మొదటిదానికి దగ్గరగా లేకపోతే ఆ రీలు ఎంత అందంగా ఉన్నా వద్దు. కడ్డీ లేకుండా రీలు నుంచి నేరుగా లాగి కొలిస్తే అంకె తక్కువ వస్తుంది. ఎందుకంటే వంగిన కడ్డీ వలయాల మీద దారం రాసుకోవడం వల్ల పుట్టే అదనపు పట్టు అందులో లెక్కకు రాదు.

దుకాణంలో కాటా లేకపోతే నీళ్ల సీసాలే తూకపు రాళ్లు. లీటరు నీళ్లు కిలో బరువు. లీటరున్నర నీళ్లున్న సీసాను లైనుకు వేలాడదీసి, అది మెల్లగా దిగేలా డ్రాగ్ సర్దాలి. సీసా ఒకే వేగంతో జారితే బాగున్నట్టు. దిగి, ఆగి, మళ్లీ దిగితే పలకలు అంటుకుని వదులుతున్నట్టు.

స్పూలు సన్నబడితే బిగుతు పెరుగుతుంది

ఇది చాలామంది పట్టించుకోని లెక్క. డ్రాగ్ స్పూలు తిరగడాన్ని అడ్డుకుంటుంది. ఆ అడ్డు మారదు. దారం మీద పడే బిగుతు మాత్రం స్పూలు మీద మిగిలిన చుట్ట వ్యాసాన్ని బట్టి మారుతుంది. చుట్ట సన్నబడేకొద్దీ అదే డ్రాగ్ దారాన్ని ఎక్కువ బలంతో పట్టి ఉంచుతుంది. పాత తరహా సన్నటి ఇరుసున్న రీలు తీసుకుందాం. నిండుగా ఉన్నప్పుడు చుట్ట వ్యాసం 8 సెంటీమీటర్లు, చేప బాగా లాక్కుపోయాక 4. ఒడ్డు దగ్గర 1.5 కిలోలకు సర్దిన డ్రాగ్ ఇప్పుడు 3 కిలోలు. ఎవరూ డ్రాగ్ సర్దే మర తిప్పలేదు, బిగుతు దానంతటదే రెట్టింపయింది. పైగా నీటిలో విల్లులా వంగిన వంద మీటర్ల లైనును చేప ఈడ్చుకుపోతోంది. ఆ బరువూ ముడి మీదే.

లార్జ్ ఆర్బర్ అనే వెడల్పు ఇరుసు రీళ్లు నిలబడ్డది ఈ లెక్క మీదే. నిండుగా 9 సెంటీమీటర్లున్న చుట్ట, 27 మీటర్ల ఫ్లై లైను, దాని వెనక మరో వంద మీటర్ల బ్యాకింగ్ పోయాక కూడా 7 దగ్గర ఆగుతుంది. అప్పుడు 1.5 కిలోలు 1.9 అవుతుంది, అంతే. చుట్టుకోవడంలోనూ లాభమే. 7 సెంటీమీటర్ల చుట్ట మీద ఒక్క తిప్పుకు 22 సెంటీమీటర్ల దారం వస్తుంది. 4 సెంటీమీటర్ల చుట్ట మీద 12.5 మాత్రమే. చేప వెనక్కి తిరిగి మనవైపే దూసుకొస్తే ఈ తేడా చేప దక్కడానికీ పోవడానికీ మధ్య తేడా.

కొత్తవాళ్లు సహజంగా చేసే తప్పు ఇక్కడే: చేప దూరం పోయేకొద్దీ కంగారుగా మర బిగిస్తారు. చేయాల్సింది దానికి తలకిందులు. బ్యాకింగ్ సగం దాటాక మరను కాస్త వదలాలి. ఇంకా బిగుతు కావాలనిపిస్తే స్పూలు బయటి అంచుకు అరచెయ్యి ఆనించాలి. చేప కుదిపితే చెయ్యి తక్షణం తీసేయవచ్చు, మరను అంత వేగంగా తిప్పలేం. అందుకే స్పూలు అంచు చట్రం బయటికి తేలి ఉన్న రీలునే ఎంచుకోవడం మేలు.

లోపల ఏముంటుంది

అన్నిటికంటే పాతది క్లిక్ అండ్ పాల్. పళ్ల చక్రం మీద స్ప్రింగు ఆనించిన చిన్న నాలుక. తిరిగితే కిర్రుమంటుంది. ఇది చేపను ఆపదు, స్పూలు అతిగా తిరిగి దారం గూడు కట్టకుండా చూస్తుంది. తాటిపూడి, మడ్డువలస లాంటి జలాశయాల్లో అనుమతి తీసుకుని చిన్న చేపలకు గాలం వేసేవాళ్లకు ఇది సరిపోతుంది. సముద్రానికి చాలదు.

మిగిలినవి దాదాపు అన్నీ డిస్క్ రకాలే. సైకిల్ బ్రేకుకు, కారు బ్రేకుకు ఉన్నంత తేడా. డిస్కు దేనితో చేశారన్నది అసలు ప్రశ్న. కార్క్ పలక చాలా మృదువుగా కదలడం మొదలుపెడుతుంది. ఏబెల్, టైబర్ రీళ్లు పేరు తెచ్చుకున్నది ఇలాంటి కార్క్ డ్రాగ్‌తోనే. కానీ కార్క్‌కు పోషణ కావాలి. దానికని చెప్పిన నూనె పట్టించాలి, వాడనప్పుడు మర వదలాలి. ఎండిపోతే గాజులా నున్నబడి జారుతుంది. కార్బన్ ఫైబర్ పలకల మధ్య స్టీలు పలకలు పేర్చిన రకం వేడిని బాగా ఓర్చుకుంటుంది, తడికి పెద్దగా మారదు. హాచ్ రీళ్లలో రులాన్ అనే జారుడు ప్లాస్టిక్, స్టీలు పలకల దొంతర ఉంటుంది. లామ్సన్‌ది ఇంకో దారి: పలకలు కాకుండా ఒకదానిలో ఒకటి ఇమిడే శంకువులు.

వేడి సంగతి చిన్నది కాదు. రెండు కిలోల బిగుతుతో చేప వంద మీటర్లు లాగితే దాదాపు రెండు వేల జౌళ్ల శక్తి డ్రాగ్‌లో వేడిగా మారుతుంది. అర లీటరు నీటిని ఒక డిగ్రీ వేడెక్కించేంత. వినడానికి తక్కువే. కానీ ఆ వేడంతా రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద పలక మీద, పది పదిహేను సెకన్లలో పుడుతుంది. చుట్టూ ప్లాస్టిక్ ఉంటే వేడికి పోయే దారి లేదు. పలక పట్టు మారిపోతుంది. అల్యూమినియం చట్రానికి ఆని ఉంటే వేడి బయటికి పారుతుంది.

డిస్కు కంటే ముందు చచ్చేది ఎక్కువగా వన్‌వే క్లచ్. చుట్టేటప్పుడు స్పూలును స్వేచ్ఛగా తిరగనిచ్చి, చేప లాగేటప్పుడు మాత్రం డ్రాగ్‌కు తగిలించే భాగం ఇది. కొన్నిటిలో పళ్ల చక్రం, నాలుక. వీటిలో నాలుక తగిలేలోపు స్పూలు కొంచెం వెనక్కి ఆడుతుంది. ఎక్కువ రీళ్లలో సన్నటి సూదుల్లాంటి రోలర్లున్న బేరింగు. ఇది ఆట లేకుండా వెంటనే పడుతుంది. కానీ రోలర్ల మధ్య ఉప్పు గడ్డకట్టినా, చిక్కటి గ్రీజు చేరినా అవి పట్టు కోల్పోతాయి. అప్పుడు డ్రాగ్ ఉన్నట్టుండి మాయమవుతుంది. మర పూర్తిగా బిగించినా స్పూలు రెండు వైపులా గిర్రున తిరుగుతుంటే తప్పు డిస్కుది కాదు, ఈ క్లచ్‌ది. కొనేటప్పుడు స్పూలును చేత్తో పట్టి ముందుకూ వెనక్కూ వేగంగా ఇరవైసార్లు ఆడించాలి. ఒక్కసారి జారినా పక్కన పెట్టేయాలి.

ఉప్పు, ఇసుక

శ్రీకాకుళం జిల్లాకు ఉన్న తీరం సుమారు 193 కిలోమీటర్లు. బారువ నుంచి కింద కోనాడ దాకా గాలం వేసే చోట్లన్నీ ఇసుకే. విజయం ఫోటో కోసం రీలును ఇసుక మీద పెట్టడం ఒక్కటి చాలు దాని ఆయుష్షు సగం చేయడానికి. మంచి రీలులో స్పూలుకూ చట్రానికీ మధ్య సందు వెంట్రుక మందం. అందులో ఒక్క ఇసుక రేణువు ఇరుక్కుంటే కీచుమని ఆగిపోతుంది. బలవంతంగా తిప్పితే అల్యూమినియం మీది అనోడైజింగ్ పూత గీసుకుపోతుంది. ఆ గీతలోకి ఉప్పు నీరు చేరి తెల్లటి పొడి పొంగుతుంది. స్టీలు స్క్రూ అల్యూమినియంలోకి దిగిన చోట ఇంకా వేగంగా తినేస్తుంది, రెండు వేర్వేరు లోహాలు ఉప్పునీటిలో కలిస్తే జరిగేదే అది. రెండేళ్ల తర్వాత స్క్రూ తల తెగి చేతికొస్తుంది తప్ప స్క్రూ ఊడి రాదు.

అందుకని ఈ తీరానికి మూసిన డ్రాగే సరైనది. కానీ సీల్డ్ అన్న మాట చూసి ఆగిపోకూడదు. సీలు అంటే రబ్బరు వలయం, ఓ-రింగ్. అది అరిగేదే, తెగేదే. లోపలికి ఒకసారి ఉప్పునీరు వెళ్తే సీలే దాన్ని బయటికి పోనివ్వదు; తెరిచి ఉన్న రీలులోనైతే కనీసం కడగొచ్చు. కాబట్టి అడగాల్సిన ప్రశ్న ఇది: డ్రాగ్ గూడు చేత్తో ఊడి వస్తుందా, దానికి ఓ-రింగులు విడిగా దొరుకుతాయా? బాగు చేయడానికి రీలును విదేశానికి పంపాల్సి వస్తే సీజను అంతా పోయినట్టే. నలభై వేలు దాటే విదేశీ రీలు కొని విడిభాగం కోసం ఎదురుచూడటం కంటే, స్క్రూడ్రైవరుతో ఇంట్లో విప్పగలిగే మధ్యరకం కార్బన్ డిస్క్ రీలు శ్రీకాకుళంలోనో బొబ్బిలిలోనో ఉండేవాళ్లకు ఎక్కువ అక్కరకొస్తుంది. పోత పోసిన చట్రం పడితే వంకర పోతుంది, పగులుతుంది. గట్టి అల్యూమినియం దిమ్మ నుంచి చెక్కినది దెబ్బకు ఓర్చుకుంటుంది. డబ్బు పెట్టాల్సింది అక్కడ, డబ్బా మీది పెద్ద అంకెకు కాదు.

మర ఎంత తిరుగుతుందో కూడా చూడాలి. సున్నా నుంచి గరిష్ఠం దాకా పావు తిప్పులోనే వెళ్లిపోయే రీలులో తడి చేత్తో సన్నగా సర్దడం అసాధ్యం. కనీసం ఒక పూర్తి తిప్పు, మధ్యలో వేలికి తెలిసే టిక్ టిక్ గుర్తులు ఉంటే మంచిది. 1.75 కిలోల దగ్గర మర మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టుకుంటే చీకట్లోనే బయల్దేరినా ఇబ్బంది ఉండదు.

ఏ చేపకు ఎంత

పార ఖాళీ నీటిలో దూరం ఉరుకుతుంది. దానికి 1.5 నుంచి 2 కిలోల సమమైన డ్రాగ్, 150 మీటర్లకు తగ్గని బ్యాకింగ్ కావాలి. పండుగప్ప దూరం పోదు. మడ చెట్ల వేళ్లలోకో, వంతెన కాళ్ల చుట్టూనో దూరుతుంది. మొదటి నాలుగు మీటర్లలో ఆపలేకపోతే దారం రాపిడికి తెగుతుంది. దాని మొప్పల మూత అంచు కత్తిలా ఉంటుంది కాబట్టి ఎర ముందు 40 పౌండ్ల దారం ముక్క కడతారు, డ్రాగ్ 2.3 కిలోల దాకా బిగిస్తారు. అది గాలిలోకి ఎగిరి తల విదిలిస్తే మాత్రం కడ్డీ కొన వంచి లైనును వదులు చేయాలి. గాలిలో ఉన్న చేప బరువును నీరు మోయదు.

బ్యాకింగ్ ఎలా చుట్టారన్నదీ డ్రాగ్‌లో భాగమే. వదులుగా చుట్టిన బ్యాకింగ్‌లో పై చుట్టు, చేప లాగగానే కింది చుట్టుల్లోకి కోసుకుపోయి ఇరుక్కుంటుంది. డ్రాగ్ ఎంత మృదువైనదైనా దారం అక్కడే ఆగుతుంది, టిప్పెట్ తెగుతుంది. తడి గుడ్డతో పట్టుకుని, కనీసం అర కిలో బిగుతుతో, అడ్డంగా సమంగా పరుస్తూ చుట్టాలి. సన్నటి జెల్‌స్పన్ దారమైతే ఇంకా బిగించాలి. అది నున్నటి ఇరుసు మీద నిలవకుండా మొత్తం చుట్టే గిర్రున జారుతుంది. ముందు రెండు చుట్లు ఎలక్ట్రికల్ టేపు వేసి ఆపైన కడితే జారదు.

ఇంటికి వచ్చాక

డ్రాగ్ మర బిగించి, కుళాయి నీటిని సన్నటి ధారగా రీలు మీద రెండు నిమిషాలు పోయాలి. పైపు నీటిని బలంగా చిమ్మితే ఉప్పునూ ఇసుకనూ సీలు దాటించి లోపలికి తోసినట్టే. తర్వాత స్పూలు ఊడదీసి, రెండిటినీ కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టాలి. బ్యాకింగ్ తడిసి ఉంటే దాన్నీ విప్పి కడగాలి. ఉప్పు ఎక్కువ దాక్కునేది అక్కడే. అల్యూమినియం స్పూలు లోపలి నుంచి తినబడటం బ్యాకింగ్ కిందే మొదలవుతుంది.

పిడి ఇరుసుకు ఒక్క చుక్క కుట్టుమిషను నూనె చాలు. కొబ్బరినూనె వద్దు, నాలుగు నెలలకు జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు రీలు దగ్గరికే రానివ్వకూడదు. అవి బేరింగు గ్రీజును కరిగించి డిస్కు మీదికి చేరవేస్తాయి. ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు పలుచగా రాస్తే చాలు. క్లచ్ రోలర్లకు తయారీదారు చెప్పిన తేలిక నూనె తప్ప ఏదీ పూయకూడదు. రోహిణి కార్తె ఎండలో కారులో వదిలేసిన రీలు మరుసటి ఉదయం వేరే రీలులా నడుస్తుంది: లోపలి గ్రీజు పలుచబడి పారి పలకలకు చేరి ఉంటుంది.

అంతా ఆరాక మరను సున్నాకు తిప్పి పెట్టాలి. నెలలపాటు నొక్కి ఉంచిన కార్క్, ప్లాస్టిక్ పలకలు ఆ ఒత్తిడికి అణిగిపోయి, మళ్లీ వాడేనాటికి మొదటి కుదుపుతో మొదలవుతాయి. తర్వాతిసారి బయల్దేరే ముందు రోజు రాత్రి లీటరున్నర నీళ్ల సీసాను మళ్లీ వేలాడదీయాలి. ఆగకుండా దిగితే రీలు సంచిలోకి. ఆగి ఆగి దిగితే స్పూలు విప్పి ఓ-రింగు దగ్గర వేలు పెట్టి తడుముకోవాలి. తెగిన చోటు గోటికి తగులుతుంది.